చుండ్రు నడిచిన రోజు

పిల్లల్ని ముట్టుకోవద్దని పెద్దటీచరు చెప్పేసరికి ఆయా ఒక పిల్ల బూటుకి లేసు కడుతోంది. ఒక ముడి పడింది, రెండోది పడాలి. ఆ ముడి వేసి లేవాలా, అలాగే వదిలేసి లేవాలా అన్నది ఆమెకి ఆ క్షణాన పెద్ద చిక్కయి కూర్చుంది. చివరికి వదిలేసి లేచింది. ఆ పిల్ల లేసు ఈడ్చుకుంటూ తరగతిలోకి వెళ్ళిపోయింది.

అది సోమవారం పొద్దున. అంతకుముందు శుక్రవారం ముగ్గురు తల్లులు వచ్చి తమ పిల్లల చేతులు చూపించి వెళ్ళారు. మోచేతి మడతల్లో, పొట్ట మీద, ఎర్రెర్రటి చిన్న దద్దుర్లు. అవే దద్దుర్లు ఆయా ముంజేతుల మీదా ఉన్నాయి. రోజంతా నీళ్ళల్లో నానే చేతులు, దాచుకుందామన్నా దాగవు. ఆ ముగ్గురూ వాటిని చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ బడి ఎంతో లేదు. రెండు గదులు, ఒక వరండా, నలభై మంది చిన్నపిల్లలు. వరండా చివర చెక్కతో చేసిన చిన్న ఇల్లు, దానికి వల తలుపు, అందులో పింజ అనే తెల్లకుందేలు. ఏడేళ్ళుగా అది అక్కడే ఉంది. దాన్ని చూసేది ఆయా. గడ్డి మార్చడం, నీళ్ళు పెట్టడం, గిన్నె తోమడం, పిల్లలు చూడ్డానికి వస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, అన్నీ ఆమే. రెండు నెలలుగా పింజ వీపున చుండ్రు రాలుతోంది. గోక్కుంటోంది కూడా. పెద్దటీచరు లెక్క ఏమిటంటే, ఏదో రోగం కుందేలుకి పట్టింది, దాన్ని ఆయా చేతులు పిల్లల దాకా మోసుకొచ్చాయి.

పెద్దటీచరు చెడ్డమనిషి కాదు. గొంతు పెంచలేదు. నేల తుడవడం, గిన్నెలు, బయట పని చూసుకో చాలు, పిల్లల దగ్గరికి మాత్రం రాకు అంది. శనివారం కోళ్ళషెడ్డు ఆయన వచ్చి కుందేలుని తీసుకుపోతాడని కూడా అంది. అక్కడ దాన్ని ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, "కాస్త శుభ్రం ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు ఆయా," అంది.

ఆ మాటకి ఆయాకి తల కొట్టేసినట్టయింది. అనాల్సిన మాట వంద ఉండగా ఆమెని శుభ్రం లేదని అన్నారు. పదిహేడేళ్ళుగా ఆ బళ్ళో ముక్కులు తుడిచినవీ, మూతులు కడిగినవీ, కింద పడ్డ మోకాళ్ళ మీద మట్టి దులిపినవీ ఆ చేతులే. ఒక్కో పిల్ల చెయ్యీ వేలు వేలునా సబ్బు పెట్టి, గోళ్ళ సందులు చూసి గానీ వదిలేది కాదు. ఆవిడకి శుభ్రం పిచ్చి అని కోడలు ఇంట్లో నవ్వుతూ ఉంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని అన్నారు ఆ మాట.

ఆ రోజంతా పిల్లలు అలవాటు కొద్దీ ఆమె దగ్గరికే వచ్చారు. ఒకడు చీమిడి ముక్కుతో వచ్చి మొహం పైకెత్తి నిలబడ్డాడు. ఇంకో పాప ఊడిన జుట్టు రిబ్బను పట్టుకుని వీపు తిప్పి నిలబడింది. ఆయా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, లోపల టీచరు ఉంది, వెళ్ళమ్మా అంది. పాప వెళ్ళలేదు. ఎందుకు కట్టవు అని అడిగింది. చేతులు తడిగా ఉన్నాయని అబద్ధం చెప్పింది. రిబ్బను పాప చేతిలోనే ఉండిపోయింది.

ఇంటికి వెళ్ళాక ఇంకో కష్టం. కోడలు తొమ్మిది నెలల పసిదాన్ని ఎప్పట్లాగే తెచ్చి ఒళ్ళో వెయ్యబోయింది. ఆయా గభాలున లేచి నిలబడింది. కోడలు ముందు తెల్లబోయింది, తర్వాత చేతులు చూసి విషయం గ్రహించింది. అవి ఏం దద్దుర్లో తెలీకుండానే మనవరాలిని దూరం పెట్టడం ఏంటత్తయ్యా అని మందలించింది. ఆయా వినలేదు. పసిదాన్ని దూరం నుంచే చిటికెలు వేసి ఆడించింది. పసిది చేతులు చాపి చాపి చివరికి ఏడుపు లంకించుకుంది.

మంగళవారం మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక పింజని మూత ఉన్న బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎవరూ పంపలేదు, తనంతట తనే వెళ్ళింది. ఇప్పటికి ఇది మూడోసారి. ఆ ఆస్పత్రి సైకిల్ షాపు పక్కన రెండు గదులు. ముందు గదిలో బల్ల మీద కుక్కలూ వాటి మనుషులూ, లోపల గదిలో తూకం, ఇనప బల్ల, కిటికీ దగ్గర మైక్రోస్కోపు. డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆయాని పిన్నిగారూ అని పిలిచేది. ఆ పిలుపుకే సగం ధైర్యం వచ్చేది ఆయాకి.

డాక్టరమ్మ అంతకుముందు రెండుసార్లు చేసినట్టే చేసింది. వెంట్రుకలు పాయలు తీసి చర్మం చూసింది. చెవులు రెండూ పైకెత్తి లోపల లైటు వేసింది. వెలుగు పడగానే పింజ చెవి గులాబీరంగు తిరిగి, లోపలి నరాలన్నీ ఆకు ఈనెల్లా కనిపించాయి. ఏడేళ్ళుగా ఆ చెవుల్ని చూస్తున్నా ఆయాకి అది ప్రతిసారీ వింతే. చెవుల్లో పొక్కులు లేవు. డాక్టరమ్మ వీపు మీద అంటుకునే టేపు ముక్క అద్ది, దాన్ని గాజుపలక మీద అంటించి మైక్రోస్కోపులో చూసింది. ఏమీ లేదు. పోయినసారీ ఇంతే, ఆ ముందుసారీ ఇంతే. చర్మం ఎండిపోవడం అయ్యుండొచ్చు అంది మళ్ళీ, కానీ ఈసారి ఆ మాట అంటూ తనే నమ్మనట్టు ఆగింది. వంగి పింజ వీపు వాసన చూసింది.

"ఇక్కడికి తెచ్చే ముందు దీన్ని ఏం చేస్తారు పిన్నిగారూ?"

ఆయా కొంచెం గర్వంగానే చెప్పింది. మెడ దగ్గర్నుంచి తోక దాకా పేలదువ్వెనతో రెండుసార్లు దువ్వుతుంది. రాలిందంతా కాగితంలో ఎత్తి పారేస్తుంది. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తుంది. అరచేతిలో రెండు చుక్కల నూనె వేసుకుని వీపున రాస్తుంది, వెంట్రుక అణిగి నున్నగా ఉంటుందని. పిల్లనైనా, దీన్నైనా, డాక్టరు దగ్గరికి ఎలా పడితే అలా తీసుకొస్తారా ఎవరైనా.

డాక్టరమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది.

"నేను వెతికేది మీరు పారేసిన ఆ కాగితంలో ఉంది. మూడుసార్లూ తుడిచేసి తెచ్చారు. శుక్రవారం దాకా దీన్ని దువ్వకండి, తుడవకండి, నూనె ఊసే వద్దు. ఏ మందూ వెయ్యకండి. ఎలా ఉంటే అలా తీసుకురండి."

"మురికిగానా?"

"మురికిగానే."

ఇంతకన్నా గడ్డుపని ఆయాకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. బుధవారం పొద్దునకే పింజ మెడ వెనక, తోక పైన తెల్లటి పొట్టు లేచింది. ఆ రెండు చోట్లకీ దాని నోరు అందదు, ముసలిదై నడుం పట్టేసింది. గడ్డి మారుస్తూ ఆయా చెయ్యి తనంతట తనే దువ్వెన మీదకి పోయింది. దువ్వెనని తీసుకెళ్ళి చీపుర్ల గదిలో అటక మీద పెట్టి వచ్చింది. సాయంత్రానికి నల్లగుడ్డ మీద సుద్దపొడి రాలినట్టు కుందేలు కూర్చున్న చోటల్లా పొట్టు. చూస్తూ చూస్తూ వదిలెయ్యడానికి ఆమెకి ప్రాణం ఒప్పలేదు, అయినా వదిలేసింది.

ఆ మధ్యాహ్నమే పెద్దటీచరు ఒక చిన్న సీసా తెచ్చి ఆయా చేతిలో పెట్టింది. వాళ్ళింట్లో కుక్కకి పురుగులు పడితే మెడ మీద వేసే మందట. పోయేలోపు దీనికీ నాలుగు చుక్కలు వేస్తే మిగతా పిల్లలకి అంటకుండా ఉంటుందని. ఆయా సీసా తీసుకుంది. పెద్దటీచరు చెప్పిన పని చెయ్యకపోవడం అన్నది పదిహేడేళ్ళలో ఎరగదు. వల తలుపు తీసి, సీసా మూత తిప్పి, పింజ మెడ దగ్గర వెంట్రుకలు పాయ తీసింది కూడా. డాక్టరమ్మ ఏ మందూ వద్దంది. పెద్దటీచరు వెయ్యమంది. ఎవరి మాట వినాలో తెలీక, మూత తీసిన సీసాతో అలాగే కొంతసేపు మోకాళ్ళ మీద కూర్చుంది. వేలి కింద పింజ గుండె టకటకా కొట్టుకుంటోంది. లెక్కపెట్టడానికి కూడా అందనంత వేగం. ఇంత చిన్న ఒంట్లో అంత పరుగు ఎలా పడుతుందో అనుకుంది. మూత మళ్ళీ బిగించి సీసాని బొడ్డున దోపుకుంది.

గురువారం ఇంకో తల్లి వచ్చింది. వరండా చివరి దాకా నడిచి, వలలోంచి కుందేలుని చూసింది. వీపంతా తెల్లపొట్టు, అక్కడక్కడ వెంట్రుకలు అట్టలు కట్టి. పెద్దటీచర్ని పిలిచి చూపించింది. పెద్దటీచరు చూసి, ఆయా వైపు తిరిగి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువైంది. చెప్పొచ్చు, డాక్టరమ్మ చెప్పబట్టే ఇలా ఉంచానని. కానీ రేపు అక్కడ కూడా ఏమీ కనిపించకపోతే? అప్పుడు మురికిదీ తనే, సాకులు చెప్పిందీ తనే అవుతుంది. ఒళ్ళు మండిపోతున్నా నోరు మూసుకుని నేల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

ఆ సాయంత్రం పెద్దటీచరు తనే చెప్పింది, రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తానని. పిల్లల తల్లిదండ్రులకి చూపించడానికి, కుందేలుకి జబ్బుంది కాబట్టి పంపించేశామని ఒక కాగితం కావాలట. అంటే ఆయా తిరుగుతున్న సంగతి ఆమెకి ముందే తెలుసన్నమాట.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారు. మధ్యలో బుట్ట. ఆయా బుట్ట మూత మీద చెయ్యి వేసి ఉంచింది. ఇంత అధ్వానంగా ఒక ప్రాణిని పదిమందిలోకి తీసుకెళ్ళడం ఆమెకి ఇదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోతోంది.

బుట్ట తెరవగానే డాక్టరమ్మ మొహం వెలిగింది. శభాష్ పిన్నిగారూ అంది. ఈ అవతారానికి శభాష్ ఏమిటో పెద్దటీచరుకి అర్థం కాలేదు. ఆయా ముందుగా బొడ్డున దోపుకున్న సీసా తీసి బల్ల మీద పెట్టింది, ఇది వెయ్యొచ్చో లేదో చూడమని. డాక్టరమ్మ చీటీ చదివి గబుక్కున తలెత్తింది, ఒక్క చుక్క కూడా వెయ్యలేదు కదా అని. లేదంది ఆయా. డాక్టరమ్మ ఊపిరి వదిలి, కుక్కకి మందే గానీ కుందేలుకి ఇది విషం, మూర్ఛలొచ్చి పోతుందని చెప్పింది. సీసా ఎక్కడిదని అడిగితే ఆయా ఏమీ అనలేదు. పెద్దటీచరు మెల్లిగా, నేనే ఇచ్చాను అంది.

డాక్టరమ్మ కిటికీ తలుపు బార్లా తీసి, ఎండ పడే చోట ఒక నల్లటి అట్ట పరిచింది. పింజని దాని మీద కూర్చోబెట్టి, సన్నపళ్ళ దువ్వెనతో మెడ మీద మూడుసార్లు, తోక పైన మూడుసార్లు గీసింది. పొట్టు జలజలా రాలింది. కుందేలుని ఆయా చేతికిచ్చి, ఇప్పుడు ఊపిరి తగలకుండా చూస్తూ ఉండండి, కళ్ళు తిప్పొద్దు అంది.

ముగ్గురూ వంగి చూశారు. నల్ల అట్ట మీద తెల్లపొట్టు. చుండ్రు. ఇంకేముంది.

అప్పుడు ఒక పొట్టురేకు కదిలింది.

ముందు తన ఊపిరే అనుకుని ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రేకు మళ్ళీ కదిలింది. దాని పక్కనున్న ఇంకోటి ఇటు తిరిగింది. మూడోది నెమ్మదిగా, ఎవరూ తొయ్యకుండా, అట్ట అంచు వైపు నడవసాగింది. గాలి లేదు. బల్ల కదల్లేదు. రెండు నెలలుగా తాను ఊడ్చి పారేసిన పొట్టు కళ్ళెదుట నడిచిపోతోంది.

"ఇది నడుస్తోంది," అంది ఆయా, తన మాట తనకే నమ్మకం లేనట్టు.

నడుస్తుంది, ఇవి చుండ్రు చాటున బతికే పురుగులు, దీనికి నడిచే చుండ్రనే పేరని డాక్టరమ్మ చెప్పింది. టేపుతో ఒకదాన్ని ఎత్తి గాజుపలక మీద అంటించి, మైక్రోస్కోపు సరిచేసి, ముందు ఆయానే పిలిచింది. ఆయా ఎప్పుడూ అందులోకి చూసింది లేదు. ఒక కన్ను మూసుకోవడం రాక రెండో కంటి మీద అరచెయ్యి పెట్టుకుంది. మొదట తెల్లటి వెలుగు, తన కనురెప్ప వెంట్రుకలు, ఇంకేమీ లేదు. డాక్టరమ్మ మర కొంచెం తిప్పింది.

గాజులా ఒళ్ళంతా కనిపించే ఒక ప్రాణి, ఎనిమిది కాళ్ళతో, వెల్లకిలా పడి ఈదుతున్నట్టు కాళ్ళాడిస్తోంది. ప్రతి కాలి చివరా దువ్వెన పళ్ళలాంటివి ఉన్నాయి. మూతి దగ్గర రెండు కొక్కేలు, లోపలికి వంగి. ఒంట్లో ఏదో ముదురురంగుది అటూ ఇటూ కదులుతోంది, తిన్నదే కావచ్చు. ఉన్నట్టా లేనట్టా తెలియని దుమ్ము కణం అది. దానికి కాళ్ళు, కాళ్ళకి వేళ్ళు, ఆకలి, బతకాలన్న తాపత్రయం, అన్నీ ఉన్నాయి. తనని ఇన్నాళ్ళు ఏడిపించింది ఇదేనని తెలిసినా దాని మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాలేదు. ఎంత పనితనం అనుకుంది.

పక్కనే ఒక వెంట్రుక, దానికి అంటుకుని కోలగా ఏదో ఉంది. అదేమిటని అడిగింది. గుడ్డు అని చెప్పింది డాక్టరమ్మ, సరిగ్గా చూడండి, దాన్ని వెంట్రుకకి దారాలతో కట్టేసి ఉంటుంది, ఊడిపోకుండా. ఆయా చూసింది. నిజంగానే సన్నటి పోగులు, వెంట్రుక చుట్టూ గట్టిగా చుట్టి ఉన్నాయి. రోజుకి నలభై జతల లేసులు కట్టిన మనిషి ఆ కట్టు చూసి అలా ఉండిపోయింది. ఎవరు నేర్పారు దీనికి అని అడిగింది కానీ జవాబు కోసం కాదు.

డాక్టరమ్మ మందు తీసుకుని, పింజ మెడ వెనక పాయ తీసి, చర్మం మీద కొలిచి వేసింది. పదిహేను రోజులకొకసారి, మూడుసార్లు వెయ్యాలి, గుడ్లలోంచి కొత్తవి వస్తూ ఉంటాయి కాబట్టి మధ్యలో మానకూడదు. గడ్డంతా పారెయ్యాలి. చెక్కఇల్లు మరిగే నీళ్ళతో కడగాలి, దువ్వెన ఉడకబెట్టాలి, పిల్లలు కూర్చునే జంపఖానాలు వేణ్ణీళ్ళలో ఉతకాలి. నెలన్నర ఇలా చేస్తే చాలు, దీన్ని ఎక్కడికీ పంపక్కర్లేదు. మనుషుల ఒంటి మీద ఇవి కాపురం చెయ్యలేవు. కుట్టి, నాలుగు రోజుల్లో చచ్చిపోతాయి. కుందేలుకి నయమైతే దద్దుర్లు వాటంతటవే పోతాయి.

పెద్దటీచరు అప్పుడు నోరు విప్పింది. ఇది ఎవరి వల్ల వచ్చింది అని అడిగింది.

"ఎవరి వల్లా కాదు. గడ్డిలో వచ్చి ఉండొచ్చు, ఏడేళ్ళుగా దాని ఒంటి మీద పదో ఇరవయ్యో ఉండే ఉండొచ్చు. వయసులో ఉన్నప్పుడు అదే నాక్కుని శుభ్రం చేసుకుంది. ఇప్పుడు నడుం వంగక అందడం లేదు. ఈవిడ దువ్వబట్టే ఇన్నాళ్ళు ఆగింది. అంత బాగా దువ్వారు కాబట్టే నాకు దొరకలేదు."

పెద్దటీచరు మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళి వంగింది. చాలాసేపు చూసింది. ఆమె భుజాలు కిందికి దిగాయి. "ఇంత ఉందా ఇందులో," అంది, ఎవరితోనూ కాదు. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి వెళ్ళింది.

పెద్దటీచరు వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. తర్వాత పొడుగుచేతుల జాకెట్టుకి మణికట్టు దగ్గరి బొత్తాం విప్పి, గుడ్డ మోచేతి దాకా పైకి లాగింది. ముంజేతి లోపలి వైపంతా ఎర్రటి దద్దుర్లు. గోకి గోకి కొన్ని చెక్కులు కట్టాయి.

"పిల్లలు వెళ్ళిపోయాక దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను రోజూ," అంది. "మూడు వారాలైంది."

ఆయా లెక్క వేసుకుంది. తన చేతులకి వచ్చి రెండు వారాలు. అంటే తనకన్నా ముందే. అదే చేత్తో ఈవిడ పిల్లల పుస్తకాలు దిద్దింది, అదే చెయ్యి ఎత్తి తనని వరండాలోకి పొమ్మంది. ఆయాకి కోపం తన్నుకొచ్చింది. నాలుగు రోజులుగా వెనక్కి కట్టుకున్న చేతులు, పాప చేతిలో ఉండిపోయిన రిబ్బను, ఇంట్లో చేతులు చాపి ఏడ్చిన పసిది, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అడిగేయాలనుకుంది. పెద్దటీచరు ఆ చెయ్యి అలాగే చాపి, తల దించుకుని కూర్చుంది. తప్పుచేసి దొరికిపోయిన పిల్లలు సరిగ్గా అలాగే కూర్చుంటారు.

ఆయా పింజని బుట్టలో దించింది. కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. చెక్కులు కట్టిన చోట వేలితో మెల్లిగా తడిమింది. పెద్దటీచరు చెయ్యి లాక్కోలేదు.

"గోకకండి," అంది ఆయా. "పుళ్ళు పడతాయి."

పెద్దటీచరు తలూపింది. ఆయా చెయ్యి వదల్లేదు.

"సోమవారం నుంచి పిల్లల గదిలోకి వస్తాను." అడగలేదు, చెప్పింది. "వాళ్ళ తల్లులకి ఏం చెప్తారు?"

పెద్దటీచరు తన చేతి వైపు చూసుకుంది.

"ఈ చెయ్యి చూపిస్తాను," అంది.

ఆయా ఆ జాకెట్టు చేతిని కిందికి లాగలేదు. మడత మీద మడత వేసి, జారిపోకుండా మోచేతి పైన నిలబెట్టింది. బుట్ట ఎత్తుకుంది. ఇద్దరూ ముందుగదిలో కూర్చున్న మనుషుల మధ్య నుంచి బయటికి నడిచారు.